ఎముకల వార్డులో కడుపు కబుర్లు

ఈమధ్య ఒక నర్సింగ్ కాలేజీ వాళ్ళు పిలిచి, కొత్తగా చేరిన పిల్లలకి మీ అనుభవాలు నాలుగు ముక్కలు చెప్పండి అన్నారు. వెళ్ళాను. శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. నేను లేచి, నా ఉద్యోగంలో సగం మలబద్ధకంతోనే గడిచిందమ్మా అని మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు. ప్రిన్సిపాల్ గారు తలొంచుకుని నేల చూశారు. సేవ, త్యాగం, తెల్లచీర లాంటి మాటలు వస్తాయని ఆవిడ అనుకుని ఉంటారు. కాసేపటికి టీలు వచ్చేశాయి, నా ప్రసంగం అక్కడితో సరి. చెప్పవలసింది చాలా మిగిలిపోయింది. కాగితం దగ్గరైతే ఎవరూ మధ్యలో టీ పట్టుకురారు కదా అని ఇలా రాస్తున్నాను.

నా పేరు పైడమ్మ. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వరి, నువ్వులు పండించుకునే ఇల్లు. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో, ఎముకల వార్డులో, రిటైరయ్యేదాకా పనిచేశాను. ఆసుపత్రి పేరు రాయను. మనుషుల పేర్లూ మార్చాను, ఎందుకంటే వాళ్ళు చాలామంది ఇంకా బజార్లో నాకు ఎదురుపడుతూనే ఉంటారు. ప్రమోషన్లు, బదిలీలు వదిలేస్తున్నాను. అవి మీకు ఎలాగూ వస్తాయి, లేదా రావు. వాటి గురించి నేను చెప్పేదేం లేదు.

ఎముకలకీ కడుపుకీ ఏం సంబంధం

కాలు విరిగి వచ్చిన మనిషి ధ్యాసంతా కాలు మీదే ఉంటుంది. ఇంటివాళ్ళు ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూస్తూ ఉంటారు, ఏమీ అర్థం కాకపోయినా. ఈలోగా దుప్పటి కింద ఇంకో కథ నడుస్తుంది. మనిషి పడుకుంటే పేగూ పడుకుంటుంది. ఆపరేషను నొప్పికి ఇచ్చే ఘాటు మందులు నొప్పితోపాటు పేగుని కూడా జోకొడతాయి. రక్తం పట్టాలని ఐరన్ మాత్ర, ఎముక అతకాలని కాల్షియం మాత్ర ఇస్తాం. రెండూ లోపల గట్టిపరిచేవే. వీటికి తోడు, బెడ్‌పాన్ అడగాల్సి వస్తుందేమోనన్న భయంతో మనిషి నీళ్ళు తాగడం మానేస్తాడు. పెద్దపేగుకి ఉన్న పనల్లా వచ్చినదాంట్లోంచి నీళ్ళు పీల్చుకోవడం. ఎంత ఆలస్యం అయితే అంత పీలుస్తుంది. చివరికి మిగిలేది ఎండిన మట్టిగడ్డ.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే బాగా బోధపరిచింది మా డాక్టరు అప్పలస్వామి గారు. రౌండ్సుకి వచ్చి మంచం దగ్గర నిలబడగానే ఆయన మొదటి ప్రశ్న, "అయిందా?" కాలు సంగతి ఆ తర్వాతే. మేం నర్సులం చాటుగా ఆయన్ని అయిందా డాక్టరు అనేవాళ్ళం. ఆయనకి తెలుసు. ఒకసారి డ్యూటీ రూములో మేం అనుకుంటుంటే వెనకనుంచి వచ్చి, "ఆ పేరు బోర్డు మీద రాయించండి, డిగ్రీల కంటే ఉపయోగం" అన్నారు.

ఎముక అతికించడంలో ఆయన చెయ్యి చాలా మంచిది. లోపమల్లా గొంతు. గుసగుసగా మాట్లాడాననుకుంటూ ఆయన అన్న మాట వరండా చివర టీ కాచుకునే ఆయాకి కూడా వినబడేది. మా వార్డులో పేషెంట్ల కడుపు సంగతులు పేషెంట్లందరికీ తెలియడానికి కారణం అదే. చాలామందికి అది వేడుకగానే ఉండేది. ఎవరికైనా అయితే పక్కమంచం వాళ్ళు మెచ్చుకునేవారు. ఒక్కరికి మాత్రం అది ప్రాణం మీదికి వచ్చింది.

గాలి రూపంలో పోయింది

సోమయాజులు మాస్టారు వయొలిన్ నేర్పే ఆయన. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఇంట్లో పిల్లలకి పాఠాలు చెబుతూ ఉండేవారు. స్నానాలగదిలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగా జరిగింది. ఆయన సన్నగా, ఎర్రగా, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఆసుపత్రి మంచం మీద కూడా కచేరీకి సిద్ధంగా ఉన్నట్టు పడుకునేవారు. వెంట భార్య కామాక్షమ్మ గారు.

మాది మగవాళ్ళ సాధారణ వార్డు. మంచాలు దగ్గర దగ్గరగా ఉండేవి. మంచానికి ఒక ఆకుపచ్చ తెర. అది మూడు వైపులు కప్పేది, నాలుగో వైపు మర్యాదస్తులు తల తిప్పుకోవాలి.

ఆపరేషను మర్నాడు రౌండ్సులో డాక్టరుగారు అడిగారు. "అయిందా?" వార్డంతా చెవులు రిక్కించింది. మాస్టారు పైకప్పు చూస్తూ, అయిందండీ అన్నారు. ఆ తర్వాత రోజూ అయిందనే అన్నారు. ఆ తర్వాతా అంతే. కామాక్షమ్మ గారు పక్కన నిలబడి తలూపేవారు.

నాకు నమ్మకం కలగలేదు. మంచం కింద బెడ్‌పాన్ కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు ఉంది. దాన్ని ముట్టుకునే పని పడలేదని ఆయా అంది. ఆయన కాలు కింద పెట్టలేరు. ఇక అయినది ఎక్కడికి పోయినట్టు? మందు ఇచ్చే వేళ చిన్నగా అడిగాను.

"మాస్టారూ, అయిందంటున్నారు. ఆనవాలేం కనబడ్డంలేదు."

ఆయన నా మొహం చూడకుండా, "గాలి రూపంలో పోయిందమ్మా" అన్నారు.

కామాక్షమ్మ గారిని వరండాలోకి పిలిచి అడిగాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ, ఆయన అయిందంటే అయినట్టేనమ్మా, నేను కాదన్నానంటే ఇంటికెళ్ళాక నాతో మాట్లాడరు అంది. అలా మాట్లాడకపోవడం ఆవిడకి కొంత విశ్రాంతిగానే ఉంటుందని కూడా చేర్చింది. మాస్టారు అన్నం కెలికి వదిలేస్తున్నారని, మంచినీళ్ళు గొంతు తడుపుకోవడానికి తప్ప తాగడం లేదని అప్పుడే చెప్పింది. లోపలికి పంపకపోతే బయటికి పంపే అవసరం రాదన్నది ఆయన లెక్క.

రకరకాల మందులు

నేను డాక్టరుగారికి చెప్పేలోపే కామాక్షమ్మ గారు తన ప్రయత్నం తాను మొదలెట్టింది. ఇంటినుంచి ఇసబ్‌గోల్ డబ్బా తెచ్చింది. మధ్యాహ్నం ఆముదం సీసా. సాయంత్రం ఫోన్లో ఏదో వీడియో చూసి సునాముఖి ఆకు పొడి. అన్నీ మంచం పక్క బల్లమీద వరసగా పెట్టింది. డాక్టరుగారు ఆ వరస చూసి, "కొట్టు ఎప్పుడు తెరిచారమ్మా" అన్నారు. తర్వాత నన్నూ, హౌస్‌సర్జన్ అమ్మాయినీ నిలబెట్టి ఒక్కొక్క సీసా పట్టుకుని పాఠం చెప్పారు. అది నేను మర్చిపోలేదు. మీరూ మర్చిపోకండి.

ఇసబ్‌గోల్ పొట్టు. అది చేసేదల్లా నీళ్ళు పీల్చి ఉబ్బడం. ఉబ్బి మలాన్ని పెద్దదిగా, మెత్తగా చేస్తుంది, అప్పుడు పేగుకి తోయడానికి పట్టు దొరుకుతుంది. నడుస్తూ, తింటూ, నీళ్ళు బాగా తాగేవాళ్ళకి ఇంతకంటే సాధువైన మందు లేదు, కాకపోతే ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. మంచం మీద పడుకుని గొంతు తడుపుకునే మాస్టారికి వేస్తే అది లోపల జిగురుముద్దై కూర్చుంటుంది. మా మావ ఒకాయన, నువ్వుల చేను తప్ప ఇంకేదీ నమ్మని మనిషి, నీళ్ళెందుకు దండగ అని ఆ పొడి పొడిగానే నోట్లో పోసుకున్నాడు. గొంతులో పట్టేసి కళ్ళు తేలేశాడు. వీపు చరిచి, మెల్లిగా గుక్క గుక్క నీళ్ళు పట్టించాక తేరుకుని, నాకు కడుపు బాగానే ఉంది, మందే బాగోలేదు అని తేల్చాడు.

సునాముఖి, ఇంకా మందులషాపులో దొరికే చిన్న పసుపు బిళ్ళలు. ఇవి పేగుని తట్టి లేపేవి. పేగు కండరాన్ని పట్టి పిండుతాయి. రాత్రి వేసుకుంటే పొద్దుటికి పని అవుతుంది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి కూడా ఉండొచ్చు. దారి తెరిచి ఉంటే మంచివే. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు వెనకనుంచి తోస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. ఆముదం కూడా ఆ జాతే, కాని మొరటుది. మా చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి పోసేది. ఆ రోజు పిల్లలం ఎవరమూ ఇంటికి దూరంగా వెళ్ళేవాళ్ళం కాదు.

మూడో జాతి నీళ్ళని లోపలికి రప్పించేది. తియ్యటి లాక్టులోజ్ సిరప్పు, నీళ్ళలో కలుపుకుని తాగే పొడి మందు ఇందులోవే. ఇవి పేగులో కూర్చుని ఒంట్లోంచి నీటిని తమవైపు లాక్కుంటాయి. గట్టిపడ్డది నానుతుంది. సిరప్పుతో కడుపు ఉబ్బరం, గ్యాసు ఉంటాయి, పొడితో అవి తక్కువ. ఇక కిందనుంచి పెట్టే గ్లిజరిన్ గుళికలు, ఎనీమాలు. మందు పైనుంచి దిగివచ్చేదాకా ఆగలేనప్పుడు, అడ్డం ద్వారం దగ్గరే ఉన్నప్పుడు అవి.

ఇంకొక చిక్కు భాషది. మన వైపు విరేచనాల మందు అంటే రెండర్థాలు, అయ్యేలా చేసేదీ, ఆపేదీ. షాపుకెళ్ళి మోషన్స్‌కి మందివ్వండి అన్నవాడికి ఏది చేతికొస్తుందో ఆ పూట షాపాయన ఊహని బట్టి ఉంటుంది. అందుకని పేషెంటుకి చెప్పేటప్పుడు అవడానికి అనో, ఆగడానికి అనో విడమరిచి చెప్పండి.

అసలు సంగతి నేను చెప్పాక డాక్టరుగారు మాస్టారికి తియ్యటి సిరప్పు రాశారు. మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. కొలతగ్లాసులో పోసి ఇస్తే, తర్వాత తాగుతానమ్మా, బల్లమీద పెట్టు అన్నారు. నేను ఇంకో మంచం దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గ్లాసు ఖాళీ.

సన్యాసిరావుకి బలం మందు

మాస్టారి పక్కమంచం సన్యాసిరావుది. సాలూరు లారీ డ్రైవరు. పేరులో తప్ప మనిషిలో సన్యాసం మచ్చుకైనా లేదు. సరుకు దింపుతుంటే పెట్టె జారి కాలిమీద పడింది. కాలికి పిండికట్టు. నోటికి ఏ కట్టూ లేదు. అతని ఆకలి చూసి మా వంటవాళ్ళు ముచ్చటపడేవారు.

మాస్టారికి సిరప్పు మొదలెట్టిన రెండో రోజో మూడో రోజో పొద్దున్న అతను నన్ను పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది.

"సిస్టరమ్మా, ఈ పంతులుబాబు నాకు రోజూ పంచదార పాకంలాటి టానిక్కు పోస్తన్నాడు. బలానికి మంచిదన్నాడు. బలం మాట ఏటో గాని, పొద్దుట్నించి కడుపులో లారీ స్టార్టయి ఆగతా ఉన్నాది."

అప్పటికి ఆయా అతనికి బెడ్‌పాన్ అందించి అందించి విసిగిపోయి ఉంది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్ర నటించారు. నటన బాగాలేదు. కనురెప్పలు కొట్టుకుంటున్నాయి.

సన్యాసిరావుకి విషయం చెబితే కోప్పడతాడనుకున్నాను. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. లారీవాళ్ళకి ఈ బాధ కొత్త కాదన్నాడు. రోజుల తరబడి కూర్చునే ఉండాలి, ఆపిన చోట నీళ్ళుండవు, వచ్చినప్పుడు ఆపుకోవాలి, ఆపుకున్నాక అది అలిగి రాదు. ఒకసారి ఒడిశా వైపు సరుకు వేసుకుని బయల్దేరుతూ, షాపాయన ఒక బిళ్ళ చాలంటే త్వరగా అవుతుందని రెండు మింగేశాడట. ఆ బిళ్ళలు తెల్లారి ఘాటీ మలుపుల్లో పనిచేశాయి. ముందు బస్సు, వెనక లారీ, పక్కన లోయ. ఆ కథ మిగతాది అతను వార్డుకంతటికీ అభినయించి చూపించాడు. దుప్పటి కింద మాస్టారి భుజాలు కదలడం నేను చూశాను. నవ్వుకే అనుకున్నాను.

మందు ఒక్క చుక్కా ఆయన లోపలికి పోలేదని తట్టి, అప్పుడే మాస్టారి పొట్ట చూడాలనిపించింది. దుప్పటి తీసి చెయ్యి వేస్తే డోలులా బిగిసి ఉంది. డాక్టరుగారు అప్పటికే ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళిపోయారు.

పక్కనుంచి కారే నీళ్ళు

ఆ మధ్యాహ్నానికి మాస్టారి పక్క తడిసింది. పలచగా, నీళ్ళలా, ఆయనకి తెలియకుండానే పోతోంది. కామాక్షమ్మ గారు దేవుడికి దండం పెట్టింది. ఇన్నాళ్ళకి వదిలింది, వదిలింది గాని మరీ ఎక్కువ వదిలింది అంది. మాస్టారు మాత్రం మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. దుప్పటి మారుస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

హౌస్‌సర్జన్ అమ్మాయి వచ్చి చూసింది. బుద్ధిమంతురాలు, ఏదీ తేలిగ్గా తీసుకోదు. నీళ్ళ విరేచనాలు, వయసు మీద పడ్డ మనిషి, ఒంట్లో నీరు పోతుంది అని ఆపడానికి మాత్ర రాయబోయింది. నాకూ అదే సబబనిపించింది. ఇంతలో డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చారు. కేస్‌షీట్ చూశారు, పొట్ట మీద చెయ్యి వేశారు, ఆ అమ్మాయి చేతిలో కలం ఆపమని సైగ చేశారు.

"పైడమ్మా, మీ పొలం కాలవకి బండ అడ్డంపడితే నీళ్ళు ఆగిపోతాయా?"

"లేదండీ, పక్కనుంచి కారతాయి."

"మరి కారుతున్నాయి కదా అని పైన తూము మూసేస్తావా?"

హౌస్‌సర్జన్ అమ్మాయికి వెంటనే అర్థమైంది. ద్వారం దగ్గర గట్టిపడ్డ మలం గడ్డకట్టి కూర్చుంది, దాని చుట్టూ సందుచేసుకుని పైనున్న పలచనిది కారుతోంది. చూసినవాళ్ళకి విరేచనాల్లా ఉంటుంది, లోపల జరుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆపే మాత్ర పడితే ఇంకా బిగుసుకునేది. డాక్టరుగారు ఆ అమ్మాయిని కోప్పడలేదు. తను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు తన ప్రొఫెసర్ ఇలాగే కలం పట్టుకుని ఆపాడని చెప్పారు. మంచంపట్టిన ముసలివాళ్ళకి ఉన్నట్టుండి పలచగా అయితే, వేలితో పరీక్ష చెయ్యకుండా ఆపే మందు ఇవ్వకూడదు. ఈ వ్యాసంలో మీకు ఒక్క మాటే గుర్తుండేట్టయితే అదే గుర్తుంచుకోండి.

సాయంత్రం దగ్గరపడేసరికి మాస్టారికి వాంతి అయింది. మూత్రం కూడా ఆగింది. గడ్డ ముందుకు ఒత్తితే అదీ ఆగుతుంది. మాట కొంచెం తడబడింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూసి, పేగు ఇంకా ఎక్కడా చిట్లలేదు, మెలిపడలేదు అని నిర్ధారించుకున్నారు. ఇప్పుడే చేత్తో కొంచెం కొంచెంగా తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే విశాఖపట్నం పంపి కడుపు కోయించాల్సి వస్తుంది, ఈ వయసులో అది తట్టుకుంటారో లేదో అన్నారు. ఈ మాటలన్నీ నాతో రహస్యంగా అన్నానని ఆయన నమ్మకం. వార్డంతా వింది.

మాస్టారూ విన్నారు.

"నన్ను ఇంటికి పంపించెయ్యండి" అన్నారు. "సంతకం పెడతాను. పోతే పోతాను గాని ఇక్కడ ఆ పని చేయించుకోను."

డాక్టరుగారు నచ్చజెప్పబోయారు. ఆ గొంతుతో నచ్చజెబితే ఇంకా పరువు పోతుంది. నేనే ఆయన్ని వరండాలోకి పంపేశాను. కామాక్షమ్మ గారు భర్త పాదాలు పట్టుకుని కూర్చుంది. వార్డులో వేరే గది ఖాళీ లేదు. థియేటర్లో ప్రమాదంలో దెబ్బతిన్న ఇంకెవరికో ఆపరేషను నడుస్తోంది.

నేను స్టూలు లాక్కుని ఆయన తలవైపు కూర్చున్నాను. నొప్పికి భయమా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. అప్పుడు చెప్పారు.

"నొప్పి కాదమ్మా. చప్పుడు. జీవితమంతా చెవిని నమ్ముకుని బతికినవాణ్ణి. ఈ గదిలో ఇన్ని చెవులున్నాయి."

ఇన్నేళ్ళ సర్వీసులో తెర ఎత్తు గురించి, వాసన గురించి ఆలోచించాను గాని, ఇది నా బుర్రకి తట్టలేదు. ఆ మాటకి జవాబు తెర అవతలనుంచి వచ్చింది.

"పంతులుబాబూ, సప్పుడే కదా మీ బాధ? అయితే మేవు సప్పుడు సేస్తాం. మా సప్పుడు ముందు మీదేపాటి?"

సన్యాసిరావు అప్పటికే లేచి కూర్చుని ఏర్పాట్లు చేసేస్తున్నాడు. నడవగలిగిన వాళ్ళని వరండాలోకి పొమ్మన్నాడు. కట్లతో ఉన్నవాళ్ళని మొహాలు అటు గోడకి తిప్పుకోమన్నాడు. చేతులు బాగున్నవాళ్ళ చేతికి కంచాలు, గ్లాసులు ఇప్పించాడు. కామాక్షమ్మ గారు తన చీర ఒకటి తెచ్చి తెర నాలుగో వైపు కట్టింది. మాస్టారు కళ్ళు తెరిచి నా వైపు చూశారు. ఔననలేదు, కాదనలేదు. నేను దాన్ని ఔననుకుని డాక్టరుగారిని పిలిచాను.

శ్రుతి

ముందు నూనె ఎనీమా ఇచ్చి నాననిచ్చాం. తర్వాత డాక్టరుగారు గ్లౌజు వేసుకుని, మొద్దుబార్చే జెల్లీ రాసుకుని, చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు. ఆ పని చేసేటప్పుడు తొందరపడకూడదు. గుండె వేగం ఒక్కసారి పడిపోవచ్చు. అందుకని నేను మాస్టారి మణికట్టు వదల్లేదు. అవతల సన్యాసిరావు గొంతెత్తాడు. లారీవాళ్ళు నిద్ర రాకుండా పాడుకునే ఏదో పాట. పల్లవి అతనిది, కోరస్ వార్డుది, తాళం కంచాలది. చెవులు చిల్లులు పడుతున్నాయి. పక్క వార్డు నుంచి జనం తొంగిచూశారు. ఆయా వాళ్ళని గదిమి తలుపేసింది.

మాస్టారి నుదురు ముడిపడింది. నొప్పి పెడుతోందా అని వంగి అడిగాను.

"వాడికి పై షడ్జమం అందటం లేదమ్మా" అన్నారు పళ్ళ బిగువున. "శ్రుతి దించమను."

నేను చీర సందులోంచి తల బయటపెట్టి, శ్రుతి దించమంటున్నారు అన్నాను.

"ఏటి దించాలి?" అన్నాడు సన్యాసిరావు.

"గొంతు. కిందనుంచి ఎత్తుకోమంటున్నారు."

అతను కిందనుంచి ఎత్తుకున్నాడు. నిజంగానే కొంచెం బాగుంది. డాక్టరుగారు నవ్వుతున్నారు, చేతులు మాత్రం కదలకుండా పట్టుకుని. "మాస్టారూ, అక్కడ వాణ్ణి వదిలెయ్యండి. ఇక్కడ కాస్త ముక్కండి" అన్నారు. మాస్టారు ముక్కారు. రెండో చరణం వచ్చేసరికి, లయ పరిగెడుతోంది, కంచం వాణ్ణి నిదానించమను అని ఇంకో కబురు పంపారు. అలా తిడుతూ, దిద్దుతూ ఉండగానే అడ్డం కదిలింది. తర్వాత మిగతాది, ఆగిన మూత్రంతో సహా, దానంతటదే వచ్చింది. చప్పుడుకి లోటు లేదు. ఎవరికీ వినబడలేదు.

పని అయ్యాక నేను శుభ్రం చేస్తుంటే మాస్టారు ఏడ్చారు. చప్పుడు చెయ్యకుండా, చాలాసేపు. కామాక్షమ్మ గారు కళ్ళు తుడిచి, మజ్జిగన్నం కలిపి తెస్తానని లేచింది. ఆయన తినేశారు, ఇంకాస్త అడిగారు.

తర్వాత చేసినవి

మర్నాటినుంచి ఆయనకి రోజూ పొడి మందు నీళ్ళలో కలిపి, నా ఎదురుగానే తాగించేదాన్ని. ఘాటు నొప్పిమందులు వాడుతున్నన్నాళ్ళూ రాత్రి ఒక సునాముఖి మాత్ర కూడా. ఆ మందులు పేగుని జోకొడతాయని చెప్పాను కదా, నానబెట్టడం ఒక్కటే చాలదు, తట్టి లేపడం కూడా కావాలి. చక్రాల కుర్చీ ఒకటి, కింద కంత ఉన్నది, సంపాదించి ఆయన్ని బాత్రూమ్ దాకా తోసుకెళ్ళి తలుపు వేసేదాన్ని. టిఫిను తర్వాత కాసేపట్లో తీసుకెళితే సులువు, కడుపులో పడగానే పేగు మేలుకుంటుంది. తలుపు వేసి ఇవతల నిలబడితే మందు మోతాదు సగానికి తగ్గించొచ్చని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఆ వార్డులో ఆపరేషను అయిన ప్రతివాళ్ళకీ వీలైనంత త్వరగా ఆ కుర్చీ అలవాటు చేశాం. మందు కూడా మొదటి రోజునుంచే, కష్టం వచ్చేదాకా ఆగకుండా.

డాక్టరుగారు మారారు. గొంతు మారలేదు, అది మారేది కాదు. కాని ఆ తర్వాత ఆయన ఆ ప్రశ్న అడగడం మాకే వదిలేసి, కాగితం మీద మేం పెట్టిన టిక్కు చూసి తలూపడం నేర్చుకున్నారు. తన అలవాటు వల్ల ఒక మనిషి అబద్ధం చెప్పాల్సి వచ్చిందని ఆయనే ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్న బాసుని నేను మళ్ళీ చూడలేదు.

మీకు ఇంకో రెండు మాటలు. రోజూ కాకపోతే జబ్బు అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. రెండ్రోజులకోసారి సుఖంగా అయ్యేవాడు ఆరోగ్యవంతుడే, అతన్ని మందుకి అలవాటు చెయ్యకండి. ఏళ్ళ తరబడి తనకి తానే షాపులో బిళ్ళలు కొనుక్కునేవాణ్ణి మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించండి. రక్తం పడినా, ఒళ్ళు తగ్గిపోతున్నా, నడివయసు దాటాక అలవాటు ఉన్నట్టుండి మారినా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా ఏ మందూ మీ చేత్తో ఇవ్వకండి, ముందు పరీక్ష చేయించండి. ఇంక నవ్వండి, కాని మనిషితో కలిసి నవ్వండి. అతన్ని చూసి కాదు.

కొన్ని వారాల తర్వాత మాస్టారు చెకప్‌కి వచ్చారు. చేతికర్రతో నడుస్తూ, అదే ఇస్త్రీ మడతతో. డాక్టరుగారు థియేటర్లో ఉన్నారంటే వార్డులోకి వచ్చి కూర్చున్నారు. ఆ రోజు అదే వరసలో ఒక హెడ్‌కానిస్టేబుల్ ఉన్నాడు, మీసాలాయన. వచ్చినప్పటినుంచి, చక్రాల కుర్చీ తెస్తానంటే వద్దని, అయిందమ్మా, అయిందమ్మా అంటున్నాడు. నాకు ఆ మాట వినగానే ఆనవాలు తెలిసిపోయింది, కాని ఎంత అడిగినా ఆయన మీసం దువ్వుకోవడం తప్ప ఇంకేం చెప్పలేదు.

నేను మాస్టారితో ఏమీ అనలేదు. ఆయనే కాసేపు అటు చూశారు, మంచం కింద చూశారు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, స్టూలు ఒకటి కానిస్టేబుల్ తలవైపుకి లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు చిన్నగా ఏదో చెప్పారు. మధ్యలో ఒకసారి చేత్తో తాళం వేసి చూపించారు. కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక పక్కటెముకలు పట్టుకున్నాడు.

మాస్టారు చూపించుకుని వెళ్ళిపోయాక కానిస్టేబుల్ నన్ను దగ్గరికి పిలిచి, చుట్టూ ఒకసారి చూసి, ఆ చక్రాల కుర్చీ ఏదో ఉందన్నావు కదమ్మా, తీసుకొస్తావా అని అడిగాడు.